పసుపు వేయని పప్పు

మా ఆయన కొట్టేముందు కుడి భుజం ఒక్క క్షణం వెనక్కి వెళ్తుంది. నలభై మూడేళ్ల కాపురంలో ఆ క్షణాన్ని నేను వృథా చేయలేదు. కళ్లద్దాలు తీసేదాన్ని. చేతిలో వేడిది ఏదైనా ఉంటే పక్కన పెట్టేదాన్ని. తల తిప్పితే చెవి మీద పడుతుంది, చెవి మీద పడితే రెండు రోజులు హోరు పెడుతుంది కాబట్టి తల తిప్పకుండా గడ్డం దించేదాన్ని. అద్దాలు మూడు జతలు పగిలాక ఇదంతా నేర్చుకున్నాను.

ఆయన లారీ బుకింగ్ ఆఫీసులో పనిచేశాడు. కాగితాల పనే అయినా, హమాలీలు రాని రోజు తనే మూటలు ఎత్తేవాడు. ఆ చెయ్యి డెబ్బై దాటినా మెత్తబడలేదు. నేను ఆబిడ్స్‌లో ఒక బడిలో ఫీజుల లెక్క చూసి రిటైరయ్యాను. నాంపల్లి స్టేషను వెనక గల్లీలో మేడ మీద రెండు గదుల ఇల్లు మాది. బండ్లు వచ్చేపోయే ప్రకటనలు పడకగదిలోకి వినిపిస్తాయి. మా ఇంట్లో దెబ్బల చప్పుడు ఆ మైకు మోతలోనే కలిసిపోయేది.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున ఆయన నడుము పట్టుకుని మంచం మీద నుంచి కింద పడ్డాడు. గోడకు దొర్లాడు, మళ్లీ ఇటు దొర్లాడు. దిండు కొరికితే దూది బయటికి వచ్చింది. ఇనుప బీరువాను తన్నితే దాని తలుపు సొట్ట పోయింది. ఇప్పటికీ అది సరిగ్గా పడదు.

"చంపెయ్యే నన్ను. రాయి తెచ్చి నెత్తిమీద ఎయ్యి" అని అరిచాడు.

నేను నీళ్ల గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డాను. జాలి కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. లోపల ఎవరో ఆయన్ని కొడుతున్నట్టుంది, ఆ కొట్టేది నాకు కనిపించడం లేదు, అంతే అనిపించింది. తరువాత కిందికి దిగి ఆటో పిలిచాను.

మూత్రపిండంలో రాయి అన్నారు. యూరిక్ యాసిడ్ రాయట. బీపీ కూడా ఎక్కువగా ఉంది. దవాఖానలో కుర్ర డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. మటన్ తగ్గించాలి, కార్జం, భేజా లాంటి లోపలి మాంసం పూర్తిగా మానాలి. కూరగాయలు, ఆకుకూరలు బాగా తినాలి. నిమ్మరసం నీళ్లు తాగాలి. ఉప్పు రోజంతటికీ అరచెంచా దాటకూడదు. మూత్రంలో పులుపు తగ్గితే ఈ రకం రాయి కరుగుతుందట, అందుకు ఒక సీసా మందు కూడా రాశాడు. పసుపుపచ్చ కాగితపు చీలికలున్న చిన్న పుస్తకం ఒకటి ఇచ్చి, రోజూ పొద్దున మూత్రంలో ముంచి రంగు చూసుకోమన్నాడు. పుస్తకం అట్ట మీద రంగుల పట్టీ ఉంది. ఎరుపు, నారింజ, పసుపు అయితే పులుపు ఎక్కువని, ఆకుపచ్చ, నీలం అయితే క్షారమని అర్థం.

అక్కడిదాకా బాగానే ఉంది. వారం తిరగకముందే మా ఆయన ఫోనులో వీడియోలు మొదలుపెట్టాడు. కాషాయం కండువా కప్పుకున్న ఒక మనిషి, వెనక పచ్చని తెర, ఒకటే మాట: యాసిడ్ మిమ్మల్ని చంపుతుంది, ఆల్కలైన్ మిమ్మల్ని బతికిస్తుంది. ఆయన ఆ వాల్యూము తగ్గించేవాడు కాదు. చింతపండు డబ్బా తీసి బాల్కనీలోంచి కింద పారేశాడు. పెరుగు బంద్. నిమ్మకాయ బంద్.

"డాక్టరు నిమ్మరసం తాగమన్నడు గద" అన్నాను.

"డాక్టర్‌కేం తెలుసే? పుల్లగున్నది యాసిడ్ గాకుంటే ఏంది, పాయసమా?"

వంట నాకు కష్టమేమీ కాలేదు. ఈ క్షారాహారం వండడం పెద్ద తతంగం అనేవాళ్లు ఎప్పుడూ పొయ్యి ముందు నిలబడినవాళ్లు కారని నా అనుమానం. మోకాళ్ల నొప్పితో నేను అరగంటకన్నా ఎక్కువ నిలబడలేను, ఆ అరగంటలోనే అంతా అయిపోయేది. కొర్రలు రాత్రి నానబెడితే పొద్దున ఒకటికి రెండున్నర నీళ్లతో పన్నెండు నిమిషాల్లో ఉడుకుతాయి. పావుకిలో సొరకాయ, గుప్పెడు పెసరపప్పు, అల్లం ముక్క కలిపి కుక్కర్‌లో రెండు విజిల్స్. దించాక జీలకర్ర పోపు. పాలకూర ఉడికించక్కర్లేదు, వేడి పప్పులో వేసి మూత పెడితే చాలు. బీరకాయ పొట్టుతోనే పచ్చడి, చింతపండు లేకుండా, నువ్వులతో. సాయంత్రం కీరకాయ ముక్కలు, మొలకెత్తిన పెసలు, కొత్తిమీర. కూరగాయలు పొద్దున్నే మొజంజాహీ మార్కెట్ వైపు నుంచి తెచ్చుకునేదాన్ని. తిండి మంచిదే. నేనూ అదే తిన్నాను, నా కడుపు మంట తగ్గింది.

మొదటి సొరకాయ పప్పు వడ్డించిన రోజు ఆయన పళ్లెం ముందు కూర్చుని జేబులోంచి ఆ కాగితపు పుస్తకం తీశాడు. ఒక చీలిక చింపి పప్పులో ముంచాడు.

"అదెందుకు అండ్ల ముంచుతున్నవ్? అది పొద్దుగాల బాత్‌రూంల చూసుకునేది."

"లోపలికి పోయేది చూడకుంట బయటికొచ్చేది చూస్తే ఏం ఫాయిదా?" అని కాగితం పైకెత్తాడు. అది పసుపుపచ్చగా ఉంది. అట్ట మీది పట్టీ పక్కన పెట్టి చూశాడు. "పసుపు. యాసిడ్. ఏందే ఇది?"

"పప్పయ్యా. సొరకాయ పప్పు."

భుజం వెనక్కి వెళ్లింది. నేను గిన్నె కింద పెట్టేలోపే పళ్లెం ఎగిరి నా మీద పడింది. కుక్కర్‌లోంచి అప్పుడే తీసిన పప్పు. మోచేతి నుంచి మణికట్టు దాకా అతుక్కుపోయింది. కుళాయి కింద పెడితే పప్పుతోపాటు చర్మం జారింది.

మంట తగ్గాక నేను చేసిన మొదటి పని ఒక గ్లాసు మంచినీళ్లలో చిటికెడు పసుపు కలిపి, ఒక కాగితం ముంచి చూడడం. ఉత్త నీళ్లలో ఆకుపచ్చకు మారింది, ఇందులో పసుపుపచ్చగానే వచ్చింది. పప్పులో మేం పుట్టినప్పటి నుంచీ వేస్తున్న పసుపే కాగితానికి అంటుకుంది. నా చెయ్యి కాలింది దానికి. ఆ గ్లాసు తీసుకెళ్లి ఆయనకు చూపించాను.

"నాకు సదువు చెప్పకు" అన్నాడు. గ్లాసు గోడకు కొట్టాడు. గోడ మీద ఆ పచ్చటి మరక ఇంకా పోలేదు.

మరునాడు వంటసోడా వేశాను. మా అత్తగారు కందిపప్పు తొందరగా ఉడకడానికి వేసేది, ఇంట్లో ఎప్పుడూ ఒక పొట్లం ఉంటుంది. సోడా క్షారమని బడిలో పిల్లలు చదవగా విన్నదే. పసుపు మాత్రం మానలేదు. పసుపు లేని పప్పు వండడానికి చెయ్యి రాలేదు, అది చావింటి వంటలా ఉంటుంది. కుక్కర్ మూత తీసేసరికి పప్పు ఎర్రగా ఉంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది అందరికీ తెలుసు, నాకే ఆ పూట తట్టలేదు. కాగితం ముంచితే ఎర్రగా వచ్చింది.

"ఎరుపు!" అన్నాడు, లేచి నిలబడి. "నిన్న పసుపు, ఇయ్యాల ఎరుపు. నన్ను సంపుదామనే గద నీ ఆలోచన?"

స్టీలు చెంబు చేతిలో ఉంది. దాని అంచు నా కనుబొమ మీద తగిలింది. రక్తం కళ్లద్దం మీదికి కారితే ఒక కన్నుతో నేల తుడిచాను. కుట్లు నాలుగు. గల్లీ చివర క్లినిక్కులో ఎలా తగిలిందని అడిగారు. నేను చెప్పిందేదో వాళ్లు రాసుకున్నారు.

మూడో రోజు పసుపు మానేశాను. సోడా అరచెంచా వేశాను. తెల్లటి, జిగట పప్పు. కాగితం నీలంగా మారింది.

మా ఆయన ముఖం విప్పారింది. "సూసినవా? దెబ్బ పడితేనే నీకు వంటొస్తది" అని నవ్వాడు. ఆ పళ్లెం వేళ్లు నాకి తిన్నాడు. అది సబ్బు నీళ్లలా ఉంటుందని నాకు తెలుసు. ఆయనకది అమృతం. కింద చాయ్ హోటల్ దగ్గర స్నేహితులకు జేబులోంచి నీలం కాగితాలు తీసి చూపించేవాడు.

అప్పటి నుంచి ఇంట్లో దెబ్బలు ఆగిపోయాయి. ఒక నెలకు పైగా. అంత కాలం ఒంటి మీద కొత్త మచ్చ లేకుండా ఉండడం పెళ్లయ్యాక అదే మొదలు. వేడి కుక్కర్ పక్కన నిర్భయంగా నిలబడ్డాను. కానీ సోడా పెరుగుతూ వచ్చింది. పాలకూరకు అరచెంచా సరిపోదు, బీరకాయకు ముప్పావు. కొర్రన్నంలో కూడా కాగితం ముంచడం మొదలుపెట్టాడు, అందులోనూ వేశాను. వేయక ఏం చేయను?

మా పక్క పోర్షన్‌లో ఉండే ఆవిడది గోదావరి వైపు. కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటాం. ఒక మధ్యాహ్నం మా గిన్నెలోంచి చెంచాడు నోట్లో పెట్టుకుని, కిటికీ దగ్గరికి పరిగెత్తి ఉమ్మేసింది.

"అయ్యబాబోయ్ పిన్నిగారూ, ఇది కూరా, బట్టలు నానబెట్టిన నీళ్లా?"

"మా ఆయన పథ్యం."

"పథ్యం పెట్టి మనిషిని ఉతికేస్తున్నారా ఏంటి?" అని నవ్వింది. తరువాత నా కనుబొమ మీది కుట్ల గుర్తు చూసి నవ్వు ఆపేసింది. "మొన్న మెట్ల మీద చూశానండీ, బాబాయిగారి కాళ్లు చెప్పుల్లోంచి పొంగిపోతున్నాయి. డాక్టరుకు చూపించారా?"

నేను చూడలేదు. ఆయన చేతులు చూడడం అలవాటుగానీ, కాళ్లు చూడడం ఎప్పుడూ లేదు. ఆ సాయంత్రం చూశాను. చీలమండలు కనిపించడం లేదు. ముఖం ఉబ్బి ఉంది. నాలుగు మెట్లు ఎక్కి ఆయాసపడుతున్నాడు. బీపీ మాత్రల కోసం స్టేషను ఎదుటి మెడికల్ షాపుకి వెళ్లినప్పుడు అడిగాను, "బాబూ, వంటసోడాకూ బీపీకీ ఏమైనా సంబంధం ఉందా?"

"ఉండకేం మ్యాడమ్. ఉప్పులో ఉండే సోడియమే దాంట్లోనూ ఉంటది. చెంచా సోడా అంటే అరచెంచా ఉప్పు తిన్నట్టే. ఎవరికి?"

"మా ఇంట్లో."

"ఎంత వాడుతున్నరు?"

మాత్రలు తీసుకుని బయటికి వచ్చాను. షాపు ముందు నిలబడి కూడుకున్నాను. పప్పులో, కూరలో, అన్నంలో, రెండు పూటలకూ కలిపి నాలుగు చెంచాలు. అంటే రెండు చెంచాల ఉప్పు. డాక్టరు అరచెంచా దాటొద్దన్నాడు. నేను నాలుగింతలు పెడుతున్నాను. ఈ లెక్కన మనిషి ఎన్నాళ్లుంటాడో నాకు తెలియదు, ఎక్కువ ఉండడని మాత్రం తెలిసింది.

ఇంటికి నడిచిన ఆ దూరంలో నా మనసులో ఏం తిరిగిందో దాచను. సోడా వేస్తూ పోతే ఎవరూ నన్ను అడగరు. తన పళ్లేన్ని తనే పరీక్ష చేసుకుని, మెచ్చుకుని తింటున్నాడు. మానేస్తే కాగితం మళ్లీ పసుపుకు తిరుగుతుంది, నా ఎముకలు లెక్క చెల్లించాలి. ఆయన ప్రాణమా, నా ఒళ్లా. కానీ మనిషికి తెలియకుండా వాడి కంచంలో చావు కలపడం నాకు చేతకాదు. అది మంచితనమేమీ కాదు. చేసిన వంట నాది, అందులో ఏముందో పైకి చెప్పగలగాలి. చెప్పలేని వంట నేను వండను.

మరునాడు పసుపు వేశాను. సోడా వేయలేదు. దించాక పప్పుగుత్తితో మెదిపి, అరచెక్క నిమ్మకాయ కూడా పిండాను. గిన్నె పొయ్యి గట్టు మీదే ఉంచి, గుత్తి చేతిలో పట్టుకునే చెప్పాను.

"ఏమయ్యా, ఇయ్యాల్టి నుంచి సోడా బంద్. దాంట్ల ఉప్పే ఉన్నదట. నీ కాళ్లు చూసుకో."

"సోడానా?" అన్నాడు. "ఏం సోడా?"

"నెల రోజుల సంది నీ కాగితం నీలంగ చేసింది సోడానే. నేను గాదు, నా వంట గాదు."

ఆయన ముఖం నల్లబడింది. "ఇన్ని దినాలు నాకు మందు పెట్టినవా? నా తిండిల మందు పెట్టినవానే, లంజా?"

"మందు గాదు, నువ్వే..."

జుట్టు పట్టుకున్నాడు. నా తల గోడకు కొట్టాడు, పచ్చ మరక దగ్గరే. కళ్లద్దాలు కింద పడి ఆయన కాలి కింద నలిగాయి. రెండోసారి కొట్టాడు. నోట్లో ఉప్పగా అనిపించింది, నాలుక తెగింది. మూడోసారికి నా జుట్టును చేతికి చుట్టుకుంటున్నాడు. ఆ చెయ్యి నా ముఖం ముందే ఉంది. మసకగానైనా మణికట్టు ఎముక కనిపించింది. పప్పుగుత్తి మా అమ్మ ఇచ్చింది, టేకుది, కిలోకి కాస్త తక్కువ ఉంటుంది.

ఒక్కటే కొట్టాను. బలమంతా పెట్టి.

చప్పుడు వినిపించింది. ఎండు కొబ్బరికాయ పగిలినట్టు కాదు, పచ్చి చెరుకు విరిచినట్టు. ఆయన జుట్టు వదిలాడు. చెయ్యి వేలాడిపోయింది. అరవలేదు, నోరు తెరిచి నా వైపు చూస్తూ గోడ వెంట కిందికి జారాడు. గుత్తికంటుకున్న పప్పు ఆయన చొక్కా మీద చిందింది. నేను ఇంకా గుత్తి ఎత్తి పట్టుకునే ఉన్నాను. మళ్లీ కొట్టాలని ఉంది. ఎంతగా అంటే, చెయ్యి దించడానికి రెండో చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది.

పక్కావిడే ఆటో పిలిచింది. ఎముకల డాక్టరు ఫోటో తీయించి చూశాడు. "ఎట్లా పడ్డరు పెద్దాయనా?"

"బాత్‌రూంల జారిన" అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా.

"జారలేదు" అన్నాను. "నేనే కొట్టాను. పప్పుగుత్తితో."

డాక్టరు కలం ఆగింది. నా తల మీద ఆరిన రక్తం చూశాడు, కనుబొమ చూశాడు, ముంజేతి మీది కాలిన మచ్చ చూశాడు. తరువాత వంగి ఆయన పాదం మీద బొటనవేలుతో నొక్కాడు. గుంట పడింది, నిండలేదు. అప్పుడు సోడా సంగతి, ఎంత వేశానో, ఎన్ని పూటలో అంతా చెప్పాను. కాగితాలు పప్పులో ముంచేవాడని, నిమ్మకాయ మాన్పించాడని చెబితే డాక్టరు తల పట్టుకున్నాడు.

"పెద్దాయనా, అది మూత్రానికి. నిమ్మకాయ నోట్లో పులుపే, లోపలికి పోయినంక పని వేరే చేస్తది. ఇంకో పదిహేను దినాలు గిట్లనే తినుంటే గుండె ఆగుతుండె. ఈమె చెయ్యి విరగ్గొట్టి తీసుకొచ్చింది గాబట్టి బతికినవ్."

ఆయన్ని వార్డులో ఉంచారు. నీళ్లు దిగడానికి ఇంజెక్షన్లు, చేతికి పిండికట్టు. పోలీసులకు రాయాలా అని డాక్టరు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. నా దెబ్బలూ, నేను కొట్టిన దెబ్బా రెండూ ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి నాకివ్వమన్నాను. రాశాడు.

ఖైరతాబాద్‌లో ఉండే మా కూతురు పరిగెత్తుకొచ్చింది. వరండాలో నా పక్కన కూర్చుని, "నిజంగ నువ్వే కొట్టినవా అమ్మా?" అంది.

"ఔ."

"ఏ చేత్తోటి?"

"కుడిచేత్తోటి."

నా కుడిచెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక, కొంగు నోట్లో కుక్కుకుంది. తరువాత ఏడ్చింది. "నా దగ్గరికి రా. ఆయన్ని ఉండనీ."

"నేనెందుకు రావాలె? కిరాయి కట్టేది నా పెన్షన్‌ల నుంచి. పోవాల్నంటే ఆయన పోవాలె."

రెండు రోజులయ్యాక వార్డులో ఆయన మంచం దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లు తెరిచే ఉన్నాడు. ఉబ్బు తగ్గి ముఖం ముడతలు పడింది, నేను చాలా ఏళ్లుగా చూడని ముఖం. మంచం పక్కన నిలబడే మాట్లాడాను.

"ఇను. ఇంటికొస్తే నేను వండింది తింటవ్. తినకుంటే మానుకో. కాగితం బాత్‌రూంల నుంచి బయటికి రావద్దు. చెయ్యి లేసిందంటే ఈసారి దవాఖానకు తీసుకురాను. డాక్టరు రాసిన కాగితం బిడ్డ దగ్గరున్నది."

"మొగణ్ణి గిట్ల బెదిరిస్తరా ఎవరన్న?"

"బెదిరిస్తలేను. చెప్తున్న."

అటు తిరిగి పడుకున్నాడు.

ఇంటికి వచ్చిన రోజు పాలకూర పప్పు, కొర్రన్నం వండాను. పసుపు వేశాను, నిమ్మకాయ పిండాను, ఉప్పు కొలిచి వేశాను. పీట వేసి పళ్లెం పెట్టి నా పళ్లెం ఎదురుగా పెట్టుకున్నాను. కుడిచెయ్యి మెడకు కట్టి ఉంది. ఎడమచేత్తో చెంచా పట్టుకుంటే సగం పప్పు చొక్కా మీద పడుతోంది. కలిపి పెడతానేమోనని ఒకసారి నా వైపు చూశాడు. నేను తింటున్నాను.

ఇంకో చెంచా నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"ఔ" అన్నాను. "తక్కువే."